మైకు నొక్కని వాళ్లు

2004 డిసెంబరు 26, ఆదివారం. పోర్ట్ బ్లెయిర్ గడియారాలు మన టైమే చూపిస్తాయి కానీ అక్కడ పొద్దు మనకంటే ముందే పొడుస్తుంది. ఆరు దాటేసరికి బయట పూర్తిగా వెలుగొచ్చేసింది. హోటల్ గదిలో ఉన్న భారతీ ప్రసాద్‌కి కిటికీ వైపు తిరిగే తీరిక లేదు. చెవులకు హెడ్‌ఫోన్, ఎదురుగా రేడియో సెట్టు, చేతి దగ్గర లాగ్. రాత్రంతా అలాగే కూర్చున్నారు.

హెడ్‌ఫోన్‌లో వినిపించేదంతా రొద. జపాను నుంచి, ఇటలీ నుంచి, అమెరికా నుంచి వందల మంది హామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్లు, ఒకేసారి తమ స్టేషన్ గుర్తులైన కాల్‌సైన్‌లు చెబుతుంటారు. దీన్ని వాళ్లు పైలప్ అంటారు. అలవాటు లేని చెవికి అది వారపు సంత. అలవాటైన చెవి అందులోంచి రెండక్షరాలు పట్టుకుంటుంది. "జూలియెట్ ఆల్ఫా అన్నవారు మళ్లీ చెప్పండి" అంటే, మిగతా వందల మందీ ఆగిపోవాలి. ఆ ఒక్కరే తన కాల్‌సైన్ మొత్తం చెబుతారు. "ఫైవ్ నైన్" అంటారీమె. నీ గొంతు నాకు బాగా వినిపిస్తోందని దాని అర్థం. అవతలివారూ అదే అంటారు. లాగ్‌లో ఒక వరస పడుతుంది. వెంటనే ఇంకొకరు. ఒక్కొక్కరికి పట్టేది కొన్ని సెకన్లే.

అండమాన్ కోసం ప్రపంచమంతా అలా ఎగబడటానికి కారణం ఉంది. హామ్‌ల లెక్కలో ఆ దీవులు విడిగా ఒక దేశంతో సమానం. ఎన్ని దేశాలతో మాట్లాడామన్నది వాళ్లకు జీవితకాలపు పందెం. ఆ జాబితాలో అండమాన్ దొరకడం మహా కష్టం, ఎందుకంటే దేశ రక్షణ దృష్ట్యా అక్కడ హామ్ స్టేషన్ పెట్టడానికి అనుమతి వచ్చేది కాదు. 1987లో ఇదే భారతి అక్కడి నుంచి మాట్లాడారు. తర్వాత 17 ఏళ్ల పాటు ఆ దీవుల గొంతు హామ్‌లకు వినపడలేదు. ఎన్నో అర్జీల తర్వాత 2004 డిసెంబరులో మళ్లీ అనుమతి వచ్చింది. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన చిన్న బృందానికి ఆమె ముందు నిలిచారు. ఆమె కాల్‌సైన్ వీయూ4ఆర్‌బీఐ. సంస్థకు ఇచ్చినది వీయూ4ఎన్‌ఆర్‌ఓ.

ఆరు గంటల ఇరవై తొమ్మిది నిమిషాలకు గది ఊగింది. ప్రకంపనలు వస్తున్నాయని మైకులో ఒక్క మాట అని ఆమె బయటికి పరుగెత్తారు. తమ వంతు కోసం ఎక్కడెక్కడో కాచుకుని ఉన్న వాళ్లకు ఆ మాటతో అండమాన్ ఆగిపోయింది.

సుమత్రా దగ్గర సముద్రగర్భంలో మొదలైన చీలిక అండమాన్ దాకా 1,300 కిలోమీటర్ల పొడవునా పాకింది. తీవ్రత 9.1. కాసేపటికే నీరు లేచింది. కార్ నికోబార్‌లో వైమానిక దళ స్థావరం కొట్టుకుపోయింది. దీవుల దక్షిణ కొనలో నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, ఇందిరా పాయింట్ లైట్‌హౌస్ మొదలు నీళ్లలోకి వెళ్లింది. పొద్దెక్కేసరికి అలలు మన కోస్తాకూ వచ్చాయి. ఆ రోజు మార్గశిర పౌర్ణమి, పైగా ఆదివారం. కృష్ణా, ప్రకాశం, నెల్లూరు తీరాల్లో పోయినవారిలో ఒడ్డున ఉన్న ఆడవాళ్లూ పిల్లలూ ఎందరో.

పోర్ట్ బ్లెయిర్‌లో కరెంటు పోయింది. ఫోన్లు పోయాయి. కింద నేల ఇంకా అదురుతూనే ఉంది. భారతి సెట్టును బయటికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఇదంతా నేను రాయడానికి కారణం ఆ తర్వాత ఆమె చేసిన పని. పదిహేడేళ్లు ఎదురుచూసి సంపాదించుకున్న పందేన్ని ఆమె అక్కడికక్కడే ఆపేశారు. ఇక దేశాల లెక్క లేదు, ఫైవ్ నైన్ లేదు. ఇది ఇప్పటి నుంచి అత్యవసర స్టేషన్ అని ప్రకటించారు. తర్వాత మకాం డిప్యూటీ కమిషనర్ కార్యాలయానికి మారింది.

ఎక్కువ మందికి తెలిసిన కథ ఇంతవరకే. ఒక మహిళ, ఒక రేడియో, మునిగిన దీవులు. టీవీలూ పత్రికలూ ఆమెను కొనియాడాయి, కొనియాడాల్సిందే. కానీ ఆమె ధైర్యాన్ని మాత్రమే చెప్పి వదిలేస్తే అసలు సంగతి పక్కకు పోతుంది. ఆ రోజుల్లో ఆ రేడియో పనికొచ్చిందంటే దాని వెనుక ఉన్నది క్రమశిక్షణ. జీతం లేని మనుషులు, ఎవరూ పైనుంచి అదిలించకుండానే, తమంతట తాము ఏళ్ల తరబడి పెంచుకున్న క్రమశిక్షణ. దాని గురించే ఈ కథ.

ముందు చట్టం చూడండి. మన దేశంలో హామ్ లైసెన్సు ఉన్న మనిషి మామూలు రోజుల్లో ఇతరుల కబురు మోయకూడదు. పక్కింటి ఆయన "మా బావకు ఈ మాట చెప్పు" అన్నా సరే, చెప్పడం నిబంధనలకు విరుద్ధం. వరద, తుపాను, భూకంపం లాంటివి వచ్చి మామూలు టెలిఫోన్ వ్యవస్థ దెబ్బతిన్నప్పుడే ఆ తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు కూడా సందేశాలు జిల్లా కలెక్టరు లేదా డిప్యూటీ కమిషనరు స్థాయి అధికారుల నుంచి, వాళ్లు అధికారమిచ్చిన వారి నుంచి రావాలి. అందుకే రేడియో వెళ్లి డిప్యూటీ కమిషనర్ కార్యాలయంలో కూర్చుంది. ఇందులో ఒక మెలకువ ఉంది. ఏ కబురు ముందు వెళ్లాలో హామ్ నిర్ణయించడు. ఎన్ని బియ్యం బస్తాలు కావాలో, హెలికాప్టరు ఎటు తిరగాలో అధికారి తేల్చాలి. హామ్ పని ఆ మాటను చెడకుండా చేర్చడం. సాయం చేయాలన్న ఆరాటం ఉన్నవాడికి ఈ గీత దాటకుండా ఉండటం చాలా కష్టం. ఏదో ఒక ఊళ్లో పడవలు కావాలని తనకు తెలిసిపోతుంది, తానే చెప్పేస్తే పోదా అనిపిస్తుంది. చెబితే, అదే పడవలను అధికారులు మరో చోటికి పంపుతున్న సంగతి తెలియక రెండు చోట్లా గందరగోళం రేపినవాడవుతాడు.

తర్వాత తీగ సంగతి. రేడియో సెట్టు ఎంత ఖరీదైనదైనా యాంటెన్నా సరిగా లేకపోతే అది ఇనుప పెట్టె. హామ్‌లు ఎక్కువగా వాడేది డైపోల్. మధ్యలో కేబులు తగిలించి, అటూ ఇటూ సమానంగా లాగిన రాగి తీగ. 14 మెగాహెర్ట్జ్‌కైతే మొత్తం తీగ సుమారు పది మీటర్లు, 7 మెగాహెర్ట్జ్‌కైతే సుమారు ఇరవై. కొలత తప్పితే సెట్టు పంపిన శక్తి ఆకాశంలోకి పోకుండా వెనక్కి కొడుతుంది, సెట్టే పాడయ్యే ప్రమాదం ఉంది. పగటి పూట 14 మెగాహెర్ట్జ్ తరంగాలు పైనున్న అయనోస్ఫియర్‌కు తగిలి వందల, వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హైదరాబాదు దాదాపు 1,600 కిలోమీటర్లు. మధ్యలో టవరు అక్కర్లేదు, కేబులు అక్కర్లేదు, ఉపగ్రహం అక్కర్లేదు. అదే 14 మెగాహెర్ట్జ్ మీద 270 కిలోమీటర్ల దూరంలోని కార్ నికోబార్ అందకపోవచ్చు. తరంగం దాని నెత్తి మీదుగా దూకేస్తుంది. అప్పుడు 7 మెగాహెర్ట్జ్‌కు దిగాలి, తీగను తక్కువ ఎత్తులో కట్టాలి. ఎప్పుడు ఏ బ్యాండ్ పలుకుతుందో ఏ పుస్తకమూ గంటల వారీగా చెప్పదు. రోజూ వినేవాడికి తెలుస్తుంది.

బ్యాటరీ లెక్క కూడా అంతే. వంద వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది. వింటూ ఉంటే ఒకటో రెండో ఆంపియర్లు చాలు. కరెంటు లేని ఊళ్లో కారు బ్యాటరీ మీద నడిపే స్టేషన్‌లో వాగే మనిషి కూర్చుంటే పూట గడవకముందే సెట్టు చచ్చిపోతుంది.

ఇక సందేశం. అప్పటి అసలు సందేశాల్లో ఉన్న పేర్లు ఆ కుటుంబాలవి, వాటి జోలికి నేను వెళ్లను. పద్ధతి తెలిసేందుకు నమూనా ఒకటి చెబుతాను. దీవుల్లోని ఒక స్టేషన్ నుంచి మందులు కావాలని కబురు వచ్చిందనుకోండి.

"పోర్ట్ బ్లెయిర్, సందేశం సంఖ్య ఒకటి రెండు. తరగతి అత్యవసరం. రాసుకుంటారా?"

"సిద్ధం. చెప్పండి."

"పంపుతున్నది వైద్యాధికారి. చేరాల్సింది డిప్యూటీ కమిషనర్. ఇచ్చిన సమయం ఒకటి నాలుగు మూడు సున్నా, భారత కాలమానం. బ్రేక్."

ఈ బ్రేక్ దగ్గర మైకు వదిలేస్తారు. రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం. ఇంతకంటే పెద్ద ఆపద ఉన్నవాడు ఎవడైనా ఆ సందులో పిలవగలగాలి. ఎవరూ పిలవకపోతే కొనసాగిస్తారు.

"సెలైన్ సీసాలు వన్ ఫైవ్ జీరో. మళ్లీ చెబుతున్నాను, వన్ ఫైవ్ జీరో. స్థలం కాచల్. కిలో, ఆల్ఫా, టాంగో, చార్లీ, హోటల్, ఆల్ఫా, లీమా."

రొదలో ఫిఫ్టీ అంటే ఫిఫ్టీన్‌లా వినిపిస్తుంది. అందుకే ఏ సంఖ్యనైనా ఒక్కో అంకెగా విడదీసి చెబుతారు. కాచల్, కమోర్టా రెండూ దీవులే, రెండూ నికోబార్‌లోనే ఉన్నాయి. గొంతు సగం మింగేసిన రేడియోలో ఒకదానికొకటి అయిపోతే పడవ తప్పుడు దీవికి వెళుతుంది. అందుకే అక్షరం అక్షరం. అంతా అయ్యాక రాసుకున్నవాడు మొదటి నుంచి చదివి వినిపిస్తాడు. పదాల లెక్క చెబుతాడు. లెక్క కుదిరితేనే అవతలివాడు సరే అంటాడు. అప్పుడు కాగితం మీద సమయం, సంతకం. ఆ కాగితం అధికారి చేతికి అందాక మళ్లీ సమయం.

ఇంకో చిన్న సంగతి. హామ్‌లు లాగ్‌లో సాధారణంగా ప్రపంచ ప్రామాణిక సమయం రాస్తారు. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. భూకంపం మనకు ఉదయం ఆరున్నర, వాళ్ల లాగ్‌లో అర్ధరాత్రి దాటి ఒంటి గంట. సాయంత్రం ఆరు గంటలకు పడవ వస్తుందన్న మాటలో ఈ ఐదున్నర గంటలు జారిపోతే ఒడ్డున గాయపడ్డవాళ్లు దాదాపు అర్ధరాత్రి దాకా కాచుకుని ఉంటారు. అందుకే నమూనా సందేశంలో "భారత కాలమానం" అన్న రెండు మాటలు. అవి లేకుండా సమయం చెప్పిన ఆపరేటరును సీనియర్లు ఆపి అడుగుతారు. ఎంత హడావుడిలోనైనా అడుగుతారు.

నన్ను అన్నిటికంటే కదిలించేది మాత్రం మాట్లాడని వాళ్ల సంగతి. ఒక్కసారి ఆలోచించండి. అండమాన్ స్టేషన్ మళ్లీ గాలిలోకి వచ్చింది. ప్రపంచం నలుమూలలా వేలాది హామ్‌లు సెట్ల ముందు ఉన్నారు. నిన్నటిదాకా ఆ స్టేషన్ తమను పట్టుకోవాలని గొంతులు చించుకున్నవాళ్లు. ఇప్పుడు ప్రతి ఒక్కరికీ ఏదో చేయాలని ఉంది. "మేమున్నాం", "ఎలా ఉన్నారు", "ఏం కావాలి" అని అడగాలని ఉంది. ఒక్కో ఖండం నుంచి పదిమంది అడిగినా ఆ ఫ్రీక్వెన్సీ పనికిరాకుండా పోతుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరిదీ అర్థం కాదు. పంపే శక్తి ఎక్కువున్న వాడి జాలి మాట, బ్యాటరీ మీద నడిచే చిన్న సెట్టులోని చావు బతుకుల మాటను తొక్కేస్తుంది.

అప్పుడు చేయవలసిన సాయం ఏమిటంటే వినడం. ఆ ఫ్రీక్వెన్సీని వదిలిపెట్టమని తెలియనివాళ్లకు తెలియజెప్పడం. తన ఊళ్లో అండమాన్ గొంతు బాగా వినిపిస్తుంటే, హైదరాబాదుకో ఢిల్లీకో వినిపించకపోతే, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పే నెట్ కంట్రోల్ స్టేషన్ అడిగినప్పుడు మాత్రమే ఆ సందేశాన్ని అందుకుని అటు చేరవేయడం. అడగకపోతే గంటల తరబడి ఊరికే కూర్చోవడం. అలా కూర్చున్నవాళ్ల పేర్లు ఏ పత్రికలోనూ రాలేదు, ఏ లాగ్‌లోనూ లేవు. మాట్లాడితేనే లాగ్‌లో పేరు పడుతుంది మరి. చేతికింద మైకు ఉండీ, చెప్పాలనున్న మాట ఉండీ, బటన్ నొక్కకుండా ఉన్నవాళ్ల వల్లే అండమాన్ మాట వినపడింది. ఆ సంయమనం పందేల్లోనే అలవాటవుతుంది. "జూలియెట్ ఆల్ఫా మాత్రమే" అనగానే వందల మంది ఆగిపోయే అలవాటు ఉంది చూశారూ, అదే ఇక్కడ ప్రాణాధారమైంది. హామ్‌లది పనిలేని సరదా అనుకునేవాళ్లు ఈ ముడి గమనించాలి. రొదలో రెండక్షరాలు పట్టుకునే చెవి, తన వంతు కానప్పుడు ఆగే చెయ్యి, సరదాలోనే తయారవుతాయి.

ఆ తర్వాత వరద మొదలైంది, ఈసారి ప్రశ్నల వరద. అండమాన్‌లో మనవాళ్లు ఎందరో ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి తరతరాలుగా వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్‌లో వీధులకు వీధులున్నాయి. అప్పటికి విశాఖ రేవు నుంచి అక్కడికి ఓడ నడుస్తోంది. ఫోన్లు మూగబోగానే ఇక్కడి అమ్మానాన్నలు, అక్కడ పనికెళ్లిన భర్త జాడ తెలియని ఆడవాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న. దాన్ని దీవులకు పంపితే ఏమవుతుంది? ఒక్కో మనిషి కోసం ముగ్గురు నలుగురు అడుగుతారు. అక్కడున్న ఒక్క సెట్టూ వెతుకులాట ప్రశ్నలతోనే నిండిపోతుంది. అందుకే విపత్తు వేళ హామ్‌ల పద్ధతి, ముందు లోపలి నుంచి బయటికి. "నేను బాగున్నాను" అని అక్కడి మనిషి పంపే ఒక్క మాట, ఇక్కడ పుట్టబోయే పది ప్రశ్నలను రాకుండా చేస్తుంది. బయటి నుంచి లోపలికి వెళ్లే ప్రశ్నలు తర్వాత. కడుపు రగిలిపోతున్న తండ్రికి ఈ మాట చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. అయినా చెప్పాలి.

లోపలి నుంచి వచ్చిన ఆ ఒక్క మాటను ఇక్కడ ఇంటికి చేర్చే చివరి మనిషి కూడా హామే. ఆ ఫోన్ ఎలా సాగాలో ఇదీ నమూనాయే.

"అమ్మా, నమస్కారమండీ. హైదరాబాదు నుంచి మాట్లాడుతున్నాను. పోర్ట్ బ్లెయిర్ నుంచి మీ అబ్బాయి పంపిన కబురు రేడియోలో వచ్చింది. చదువుతాను, వినండి. నేను క్షేమం. కంగారు పడవద్దు. ఇంతేనమ్మా ఉంది."

"మావోడేనా బాబూ? గొంతు నువ్వు ఇన్నావా?"

"నేను వినలేదమ్మా. అక్కడ మావాళ్లు రాసి పంపారు. పేరూ ఇంటిపేరూ మీ ఊరూ సరిపోయాయి."

"కోడలూ పిల్లలూ ఎలాగున్నారు బాబూ? ఇల్లు ఉన్నాదా?"

"ఆ సంగతి ఇందులో రాయలేదమ్మా. మళ్లీ కబురొస్తే నేనే ఫోన్ చేస్తాను. ఈ కబురు నిన్న సాయంత్రం నాలుగింటికి ఇచ్చింది."

"అందరూ బాగానే ఉంటారులేమ్మా" అనేయడానికి నాలుక చివరిదాకా వస్తుంది. ఎవరికైనా వస్తుంది. ఆ మాట అనకూడదు. కాగితంలో లేనిది చెప్పకూడదు. ఆ తల్లికి జాలి మాట ఆ క్షణానికి ఊరటే, రేపు అది అబద్ధమైతే ఈ రేడియో నుంచి వచ్చిన ఏ మాటనూ ఆ ఊళ్లో ఎవరూ నమ్మరు. నిజం ఎంత ఉందో అంతే చెప్పి, ఎప్పటిదో చెప్పి, మళ్లీ చేస్తానన్న మాట నిలబెట్టుకోవడం. సేవంటే ఇదేనని నా నమ్మకం.

చావు కబుర్లది మరీ సున్నితమైన వ్యవహారం. హామ్ రేడియోలో సంకేత భాషలో దాచి మాట్లాడటం నిషిద్ధం. మైకులో అన్న ప్రతి మాటా సెట్టున్న ఎవడైనా వినగలడు. పత్రికవాళ్లు వింటారు, చుట్టాలు వింటారు. పేరు పెట్టి ఫలానా మనిషి పోయాడని గాలిలో చెబితే, కుటుంబానికి అధికారులు చెప్పకముందే ఊరంతా పాకుతుంది. పేరు తప్పయితే బతికున్నవాడికి దినం చేస్తారు. అందుకని ఆ కబుర్లను వీలైనంత వరకు అధికారుల దారికే వదిలేస్తారు. తాను విన్నది ఎంత పెద్ద వార్తయినా, బయటికి వచ్చి మైకుల ముందు చెప్పకుండా ఉండటం కూడా ఇందులో భాగమే.

బృందంలో కొందరు వైమానిక దళ విమానంలో కార్ నికోబార్‌కు వెళ్లి అక్కడ రెండో స్టేషన్ పెట్టారు. అక్కడి స్థావరంలో వందమందికి పైగా వైమానిక దళ సిబ్బంది, వాళ్ల కుటుంబసభ్యులు చనిపోయారు. అలాంటి చోటికి వెళ్లే హామ్ తన తిండి, తన నీళ్లు, తన బ్యాటరీ, తన పరుపు తానే మోసుకుపోవాలి. బతికి బయటపడ్డవాళ్ల గంజిలో వాటా అడిగే సేవకుడు సేవకుడు కాడు. ఈ మాట కటువుగా ఉందని తెలుసు. కానీ ప్రతి విపత్తులోనూ ఉత్సాహం తప్ప ఏమీ తెచ్చుకోని వాళ్లు వచ్చి పడుతూనే ఉన్నారు. చేతిలో వాకీటాకీ, మెడలో ఐడీ కార్డు, ఎవరూ పిలవకుండానే కంట్రోల్ రూము గుమ్మంలో. వాళ్లకు పనులు చూపించడం అధికారులకు ఇంకో పని.

అదే రోజుల్లో శ్రీలంకలోనూ హామ్‌లు ఇలాగే కదిలారు. అక్కడి రేడియో సొసైటీ వాళ్లు, విక్టర్ గుణతిలక ముందుండగా, ప్రధానమంత్రి అధికార నివాసంలోని కంట్రోల్ రూమునూ దెబ్బతిన్న హంబన్‌తోటనూ షార్ట్‌వేవ్‌తో కలిపారు. ప్రధాని ఇంట్లో చోటు దొరకడం ఊరికే జరగదు. వీళ్లు వస్తే పని అవుతుంది, అడ్డం పడరు అన్న నమ్మకం ఉంటేనే తలుపు తీస్తారు.

హైదరాబాదు సంస్థకు ఆ నమ్మకం కూడబెట్టుకోవడానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఎస్. సూరి 1983లో దాన్ని స్థాపించారు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్, 2001 గుజరాత్ భూకంపం వేళ హామ్‌లు పనిచేసిన అనుభవం వాళ్లకు ఉంది. సునామీ నాటికి హైదరాబాదులో సెట్టు ముందు కూర్చున్నవాళ్లకు షిఫ్టు అంటే ఏమిటో తెలుసు. నిద్రలేని ఆపరేటరు వన్ ఫైవ్ జీరోను వన్ జీరో ఫైవ్ అని రాస్తాడు, తాను తప్పు రాశానని అతనికే తెలియదు. అందుకే కుర్చీ దిగే సమయం వచ్చాక దిగాలి. ఇంకా చేయగలనని పట్టుబట్టేవాణ్ణి పక్కవాడు లేపాలి. కుర్చీ అప్పగించేటప్పుడు ఏ సందేశం వెళ్లింది, దేనికి జవాబు రావాలి, ఏ స్టేషన్ బ్యాటరీ తగ్గుతోంది, అంతా లాగ్‌లో చూపించి లేవాలి.

ఇక చివరి మెట్టు, వెళ్లిపోవడం. టెలిఫోన్ లైన్లు ఒక్కొక్కటీ పలకడం మొదలయ్యాక రేడియోకి వచ్చే కబుర్లు తగ్గుతాయి. అప్పుడు అధికారిని అడిగి, చేతిలో ఉన్న చివరి కాగితం కూడా చేరిందని చూసుకుని, నెట్ మూస్తున్నామని ప్రకటించి, ఫ్రీక్వెన్సీని మామూలు వాడకానికి వదిలేయాలి. కెమెరాలు ఇంకా ఉన్నాయి కదా అని కూర్చోకూడదు. ఏడాదిన్నర కూడా తిరగకముందే, 2006 ఏప్రిల్‌లో, ఎన్నో దేశాల హామ్‌లు పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చి అండమాన్ నుంచి మళ్లీ ప్రపంచంతో మాట్లాడారు. పదిహేడేళ్లు మూసి ఉన్న తలుపు అంత త్వరగా తెరుచుకోవడానికి ఆ డిసెంబరు పని తీరే కారణమని నేను అనుకుంటాను.

మనకు ఇది దూరపు సంగతి కాదు. 2014 అక్టోబరు 12న, అదీ ఆదివారమే, హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. టవర్లు కూలి, సెల్‌ఫోన్లు చేతిలో బొమ్మలైపోయిన ఆ గంటల్లో హామ్ సెట్లు పలికాయి. తుపాను రాక ముందే మనుషులు వెళ్లి తీగలు కట్టుకోవడం వల్ల అది కుదిరింది. అప్పటికీ ఇప్పటికీ సెల్ టవర్లు పెరిగాయి. అయినా మన తీరంలో అక్టోబరు, నవంబరు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ప్రతి కోస్తా కలెక్టరేటుకూ నా అభ్యర్థన ఒకటుంది. మేడ మీద రెండు గుంజలు పాతి ఒక డైపోల్ ఇప్పుడే కట్టించండి. దాని కేబులు కంట్రోల్ రూములోకి దించి, ఒక బల్ల, రెండు బ్యాటరీలు కేటాయించండి. జిల్లాలో లైసెన్సు ఉన్న హామ్‌లు ఎవరో చూసి ఏటా సెప్టెంబరులో ఒక పూట పిలవండి. ఉత్తుత్తి సందేశాలు ఓ యాభై ఇచ్చి, అవి అక్షరం పొల్లుపోకుండా అవతలి జిల్లాకు చేరాయో లేదో తహసీల్దారు చేత సరిచూపించండి. ఎక్కడ తప్పు పోయిందో ఆ పూటే తేలుతుంది. ఇంట్లో పన్నెండేళ్లు నిండిన పిల్లలున్నవాళ్లు కూడా గుర్తుంచుకోండి, ఆ వయసు నుంచే హామ్ పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ నుంచి మొదలుపెట్టించండి.